పచ్చదీపం వెలగని కెమెరా

ఆ గురువారం పొద్దున నూకరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రావాలి, చద్దన్నం తినాలి, రెండు ఫోటోలు తీయాలి, దుప్పటి కప్పుకొని పడుకోవాలి. వీటిలో మొదటి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

నూకరాజు ఖరగ్‌పూర్ యార్డులో సిగ్నల్ కేబిన్ మనిషి. లీవర్లు లాగి సిగ్నళ్ళు ఎత్తి దించడం అతని ఉద్యోగం. ఎర్ర ఉండగా ఒక్క బండినీ కదలనివ్వలేదని అతనికి పేరు. ఆ అలవాటు డ్యూటీతో దిగేది కాదు. భార్య చిలకమ్మ ఎర్రచీర కట్టుకున్న రోజున వంటింటి గుమ్మం ముందు ఆగిపోతాడనీ, ఆమె పిలిస్తేగాని లోపలికి అడుగు పెట్టడనీ పూరీ గేట్ క్వార్టర్లలో చెప్పుకునేవారు. అది అబద్ధమే. అయినా నూకరాజుని తెలిసినవాళ్ళెవరూ దాన్ని అబద్ధమనుకోలేదు.

తీయబోయే ఆ రెండు ఫోటోలూ సరదాకి కావు. నూకరాజు నాయనమ్మ రైల్వే పనికి వచ్చిన మొగుడి వెనకాల శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఖరగ్‌పూర్‌లో దిగినప్పుడు నెత్తిన ఒక ఇత్తడి ఘటం పెట్టుకొచ్చింది. అమ్మవారి పండుగనాడు తెలుగు ఇళ్ళ ఘటాలు వరసగా బయలుదేరితే అన్నిటికన్నా ముందు నడిచేది అదే. నాయనమ్మ తర్వాత నూకరాజు తల్లి జోగమ్మ దాన్ని మోసింది. చేత్తో పట్టుకోకుండా, చుక్క నీరు తొణక్కుండా మోసేది. ఆ ఒక్క రోజు కోసం ఆమె ఏడాది పొడుగునా మెడ నిటారుగా పెట్టుకొని తిరిగేదని కోడళ్ళు చాటుగా నవ్వుకునేవారు. కాని ఆ మెడను చూసి గర్వపడనివాళ్ళు ఆ ఇంట్లో లేరు.

పోయిన ఏడు జోగమ్మ మోకాళ్ళు పట్టేశాయి. సరిగ్గా పండుగ వేళకి పెద్దకోడలు చిలకమ్మ పుట్టింట్లో ఉంది. చిన్నకోడలు దాలమ్మ ఎదురుగా కనిపించింది కాబట్టి ఘటం ఆమె తల మీదికి వెళ్ళింది. చిలకమ్మ తిరిగొచ్చి, "నాను పెద్దకోడల్ని. నా తల బతికుండగా ఘటం సిన్నదాని తలకి ఎలగెక్కినాది?" అంది. "అమ్మోరే నా తల కోరుకున్నాది. అడుగు, అమ్మోర్నే అడుగు," అంది దాలమ్మ. అమ్మవారిని అడిగే వీలు లేక ఒకరినొకరు అడుక్కున్నారు. ఆ అడుక్కోవడంలో పొయ్యిలు రెండయ్యాయి. వర్క్‌షాపులో ఫిట్టరైన చిన్నకొడుకు తవిటయ్య పెళ్ళాన్ని తీసుకొని సుభాష్‌పల్లి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఎదురెదురుగా నిలబడ్డా తల్లి ద్వారానే కబురు.

ఈ ఏడు పండుగ దగ్గరపడేసరికి పండుగ పెద్ద ఎర్రయ్య, జోగమ్మకి తమ్ముడి వరస, ఆమె గుమ్మంలోకి వచ్చి మీసం దువ్వుకున్నాడు. "జోగప్పా, ఒక ఇంటికి ఒక ఘటం, ఒక ఘటానికి ఒక తల. మన కట్టుబాటది. శనివారం దీపాలెట్టే ఏలకి ఏ తలో తేల్సుకోండి. తేల్సకపోతే మీ ఘటం ఈ ఏటికి ఇంట్లోనే ఉంటాది. ఎనకాలోలు ముందుకొస్తారు," అన్నాడు. వరసలో రెండో ఘటం ఎర్రయ్య ఇంటిదే అన్న సంగతి గుర్తుపెట్టుకుంటే అతని న్యాయబుద్ధి ఇంకా బాగా అర్థమవుతుంది.

అతను వెళ్ళాక జోగమ్మ ఘటాన్ని చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. అది తళతళలాడుతున్నా తోముతూనే ఉంది. అది ముందు నడవని పండుగను చూడటం ఆమె వల్ల కాదు. తల్లి అలా తోముతూ ఉంటే చూడటం నూకరాజు వల్లా కాలేదు.

"అమ్మా, ఇద్దరికీ ఘటమెట్టి ఫోటో తీస్తాను. యేరేయేరేగా. ఎవులి తల మీద నిలకడగా ఉన్నాదో అందరూ సూసి సెప్తారు. మనిషిని తీర్పడిగితే సుట్టరికం సూస్తాడు. ఫోటోకి సుట్టాలెవులు?" అన్నాడు.

ఈ మాట ఎర్రయ్యకి కూడా నచ్చింది. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఆ ఇంట్లో గొడవ రెట్టింపు అవుతుందని అతనికి గట్టి నమ్మకం.

గోల్‌బజారులో చెన్నకేశవరావు ఫ్యాన్సీ కొట్టులో బొమ్మలకీ, ఈలలకీ మధ్య ఒక నల్లటి ప్లాస్టిక్ కెమెరా చాలాకాలంగా కూర్చుని ఉంది. పిల్లల ఆటవస్తువే అయినా అందులో నిజం ఫిల్మే వేస్తారు. చేతిలోకి తీసుకుంటే వంకాయంత బరువు కూడా లేదు. చెన్నకేశవరావు తనే ఫిల్ము ఎక్కించి, పక్కనున్న చెవిని ఒకటో అంకె వచ్చేదాకా తిప్పి ఇచ్చాడు.

"వెలుగులో తియ్యి. తీసేటప్పుడు మిషను కదలకూడదు. ఒకటి తీశాక, వెనకాల ఎర్ర అద్దం ఉంది చూడు, అందులో చూసుకుంటూ ఈ చెవి తిప్పుకోవాలి. అర్థమైందా?" అన్నాడు. ఇంతలో గాజులకోసం ఆడవాళ్ళ గుంపు ఒకటి కొట్లోకి రావడంతో అతను అటు తిరిగిపోయాడు.

నూకరాజు కెమెరాను వెనక్కి తిప్పి చూశాడు. గుండ్రంగా చిన్న ఎర్ర అద్దం. అందులో ఒకటి అంకె. అతనికి అర్థం కావలసిందంతా ఆ క్షణంలోనే అర్థమైపోయింది. ఎర్ర సిగ్నల్, ఒకటో నంబరు లైను. ఎర్ర ఉన్నంతసేపూ చెవి తిప్పకూడదు. పచ్చ పడ్డాక తిప్పి బండి వదలాలి. ఇంత చిన్న వస్తువులో ఇంత భద్రత ఏర్పాటు చేసినవాడు తప్పకుండా రైల్వేలో పనిచేసినవాడై ఉంటాడని అనుకొని, మనసులోనే అతనికి ఒక సలాం కొట్టాడు.

గురువారం చద్దన్నం అయ్యాక నూకరాజు పెరట్లో పని మొదలుపెట్టాడు. బొగ్గుపొగకి నల్లబడిన గోడ ముందు, నీడలో, మనిషి నిలబడవలసిన చోట సుద్దతో గీత గీశాడు. గీతకి ఎదురుగా నీళ్ళ డ్రమ్ము బోర్లించాడు. మిషను కదలకూడదన్నాడు కదా అని కెమెరాను డ్రమ్ము మీద పెట్టి చుట్టూ తడి బంకమట్టి మెత్తి బిగించాడు. పెద్దకోడలికి ఒక చోటు, చిన్నకోడలికి ఒక చోటు చూపించాడన్న మాట రాకూడదు. సాయంత్రందాకా కెమెరా అక్కడే, గీత అక్కడే.

చిలకమ్మ పసుపుచీర కట్టుకొని వచ్చి ఘటం నెత్తిన పెట్టుకొని రెండు చేతులూ ఎత్తి భక్తిగా పట్టుకుంది. ఘటం అంచు గోడకున్న మేకు దాకా వచ్చింది. పక్క క్వార్టరు ఎలీసమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఇదంతా చూస్తోంది. ఆమె ఆసుపత్రిలో ఆయా, ఆదివారాలు చర్చికి వెళ్ళే మనిషి. ఘటాల గొడవలో ఎవరి పక్షమూ కాదు గనుక అన్ని వార్తలూ అందరికీ సమానంగా చేరవేసేది.

నూకరాజు నొక్కాడు. టిక్కుమంది. వెనక్కి వెళ్ళి అద్దం చూశాడు. ఎర్ర.

"అయిపోనాదా?" అంది చిలకమ్మ ఘటం దించుతూ.

"నొక్కడం అయిపోనాది. లైన్ క్లియర్ రాలేదు."

"ఏటి రాలేదు?"

"నీకు తెల్దులే. సిగ్నల్ పడాల."

నూకరాజు డ్రమ్ము వెనక బల్ల వేసుకొని పచ్చదీపం కోసం కూర్చున్నాడు. కునికిపాట్లు పడ్డాడు, లేచాడు, చూశాడు. ఎర్రే. కేబిన్‌లో ఇంతకన్నా ఎక్కువసేపు నిలబడిపోయిన గూడ్సు బళ్ళను అతను చూసి ఉన్నాడు కాబట్టి కంగారుపడలేదు.

మధ్యాహ్నం దాటాక తవిటయ్య, దాలమ్మ వచ్చారు. చిలకమ్మ తలుపేసుకొని లోపలే ఉండిపోయింది. తవిటయ్య కెమెరా చుట్టూ ఒకసారి తిరిగి తల్లితో అన్నాడు. "అమ్మా, పొద్దున తీసినప్పుడు కూడా మిషను ఈడనే ఉన్నాదేటో అడుగు."

"ఈడనే ఉన్నాదని సెప్పమ్మా," అన్నాడు నూకరాజు, తమ్ముడికి మూరెడు దూరంలో నిలబడి.

"ఇద్దరికీ సెవులున్నాయి కదరా," అంది జోగమ్మ విసుగ్గా.

దాలమ్మ చేయాల్సిన వాకబు అప్పటికే పిట్టగోడ దగ్గర చేసేసింది. ఘటం మేకు దాకా వచ్చిందనీ, చిలకమ్మ రెండు చేతులతో పట్టుకుందనీ ఎలీసమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. దాలమ్మ పొట్టి మనిషి. గీత మీద నిలబడితే ఘటం మేకుకి జానెడు కిందనే ఆగిపోయింది.

"అక్క కన్నా కిందకి పడితే నానొల్లను. పీటెయ్యండి," అంది.

పీట వేశారు. చాలలేదు. దాని మీద ఇంకో పీట వేశారు. ఘటం అంచు సరిగ్గా మేకుకి తగిలింది. అప్పుడామె రెండు చేతులూ వదిలేసింది.

"అదేటి, పట్టుకోవా?" అన్నాడు తవిటయ్య భయంగా.

"పట్టుకోడానికి ఇదేటి, నీళ్ళ బిందా? అత్త ఎప్పుడైనా పట్టుకున్నాదా?" అని దాలమ్మ ఒక చేత్తో వేపమండ, ఇంకో చేత్తో బెత్తం పట్టుకొని, రెండు చేతులూ పక్కలకి చాచి నిలబడింది. జోగమ్మ ముఖంలో ఒక మెరుపు వచ్చింది గాని, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే దాచుకుంది.

నూకరాజు అద్దం చూశాడు. ఎర్ర. ఇప్పుడొక ధర్మసందేహం వచ్చింది. చెవి తిప్పకుండా మళ్ళీ నొక్కవచ్చునా? కేబిన్ పద్ధతి ప్రకారం ఆలోచించాడు. కేబిన్‌లో తప్పు లీవరు లాగుదామన్నా కదలదు. ఒక లీవరు కదిలిందంటే కిందనున్న ఇంటర్‌లాకింగ్ ఒప్పుకున్నట్టే. వేలితో నొక్కుడుపుల్లను మెల్లగా కదిపి చూశాడు. హాయిగా కదిలింది. ఇంకేం, అనుమతి ఉన్నట్టే. నొక్కాడు. టిక్కుమంది. ఆటబొమ్మ కెమెరాలకి ఇంటర్‌లాకింగ్ ఉండదని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

దాలమ్మ ఇంకా పీట దిగుతుండగానే ఎర్రయ్య తనిఖీకి వచ్చాడు. తెల్లపంచె, నూనె రాసిన మీసం చూస్తే ఉత్త తనిఖీకి వచ్చినట్టు లేదు.

"రెండు తీసినావు, బాగున్నాది. పండుగ పెద్దనన్నాక నాదీ ఒకటుండాల కదేటి, గుర్తుకి. ఫ్రేము కట్టించి గుడి కాడ ఏలాడదీయొచ్చు," అని వెళ్ళి సుద్దగీత మీద నిలబడ్డాడు. కాలికి పీట తగిలింది. "పీటలేటి ఇక్కడ?" అంటూ, వాటిని జరపడానికి నడుం వంచి రెండు చేతులూ నేలకి చాచాడు.

నూకరాజు ఆ సమయంలో మనిషిని చూడటం లేదు. ఎర్ర పచ్చబడుతుందేమోనని వెనక నుంచి అద్దంలోకి చూస్తూ నొక్కాడు.

"పడినానా?" అన్నాడు ఎర్రయ్య నడుం ఎత్తి.

"పడినారు."

"మీసం?"

"అన్నీ పడినాయి."

ఎర్రయ్య సంతోషంగా వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడు ఎలీసమ్మ మేక పిట్టగోడ దూకి, దాలమ్మ వదిలేసిన వేపమండ కోసం డ్రమ్ము మీదుగా వెళ్ళింది. డ్రమ్ము దొర్లింది. బంకమట్టితో సహా కెమెరా ఎగిరి ఎండలో పడింది. వెనక మూత ఒక పక్క సన్నగా విడిపోయింది. నూకరాజు పరుగెత్తి మూత గట్టిగా అదిమి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కెమెరాను బిగించి కట్టాడు.

"ఏటయినాదిరా?" అని లోపలినుంచి జోగమ్మ అడిగింది.

"డీరెయిల్మెంటు. ఎవులికీ దెబ్బల్లేవు," అన్నాడు.

ఆ తర్వాత కూడా అద్దం ఎర్రగానే ఉంది. ఎర్ర ఉండగా చెవి తిప్పడం తన చేత కాదు కాబట్టి, నూకరాజు కెమెరాను అలాగే పట్టుకెళ్ళి గోల్‌బజారులో స్టూడియో నడిపే బెంగాలీ పాల్ దాదాకి అప్పగించి, వచ్చి పడుకున్నాడు.

శనివారం సాయంత్రం ఫోటోలకోసం వెళితే, పాల్ దాదా చీకటిగది తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. నూకరాజు వీధిలోనే ఆగిపోయాడు. చివరికి పాల్ దాదాయే బయటికి వచ్చాడు.

"దాదా, ఫోటో ఏక్ హీ హై. బాకీ రీల్ ఖాలీ," అంటూ ఒక కవరు నూకరాజు చేతిలో పెట్టాడు.

"ఒక్కటేటి? నాను మూడు నొక్కినాను. తీన్ బార్."

పాల్ దాదా వచ్చీరాని హిందీలో, చేతులు తిప్పుతూ వివరించాడు. నువ్వు చెవి తిప్పలేదు. ఫిల్ము ఉన్నచోటే ఉంది. మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక రకంగా నయమే, నీడలో తీశావు కాబట్టి దేనికదే అయితే ఏదీ కనబడేది కాదు. మూడూ కలిసి ఒక ఫోటోకి సరిపడా వెలుగయింది.

"లాల్ థా దాదా. లాల్ ఉంటే ఎలగ తిప్పుతాను?"

"లాల్ తో హమేశా లాల్ హై," అన్నాడు పాల్ దాదా జాలిగా.

ఎప్పుడూ ఎర్రగానే ఉండే సిగ్నల్ ఒకటి లోకంలో ఉంటుందన్న సంగతి నూకరాజు తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. కవరు తెరిచి చూశాడు. ఇద్దరు కోడళ్ళూ ఒకే చోట కలిసిపోయారు. ఎవరి తల ఏదో విడదీసి చెప్పడానికి లేదు. ఏ తలో తేల్చడానికి తీసిన ఫోటో, ఇక ఏ తలా తేలకుండా చేసింది. అతను స్టూడియో మెట్ల మీద కూలబడ్డాడు. చిలకమ్మ ఏమంటుందో, తమ్ముడు ఏమంటాడో అతనికి అక్కర్లేదు. తోమి తోమి అరిగిపోతున్న ఆ ఘటమే కళ్ళ ముందు కనిపించింది.

దీపాలు పెట్టే వేళకి అమ్మవారి గుడి ముందు పెట్రోమాక్సు వెలిగించారు. వీధి వీధంతా వచ్చింది. తవిటయ్య, దాలమ్మ ఒక పక్క, చిలకమ్మ ఇంకో పక్క నిలబడ్డారు. జోగమ్మ మధ్యలో చాప మీద, ఒళ్ళో ఘటం పెట్టుకొని కూర్చుంది.

"ఏదీ, తియ్యి ఫోటోలు," అన్నాడు ఎర్రయ్య.

"ఫోటో పాడైపోనాది," అన్నాడు నూకరాజు నేల చూస్తూ.

"పాడైపోలేదు, దాసీసినాడు," అన్నాడు తవిటయ్య. కోపంలో తల్లి ద్వారా చెప్పడం మర్చిపోయాడు. "నా పెళ్ళాం ఫోటో బాగొచ్చినాదని దాసీసినాడు."

"నాదే బాగొచ్చినాది. తమ్ముడికి జడిసి సింపీసినాడు," అంది చిలకమ్మ.

"సేతులు వొదిలి నిలబడినదాన్ని నాను," అంది దాలమ్మ.

"పీటలెక్కి నిలబడినావు," అంది చిలకమ్మ.

ఎర్రయ్య ఒక్క నిమిషం ఆ గొడవను కడుపారా విని, చెయ్యెత్తాడు. "అయితే తేల్లేదన్నమాట. మరేటి సేస్తాం. రేపు మా ఇంటి ఘటం ముందు నడుస్తాది. జోగప్పా, మనసులో ఏటీ ఎట్టుకోకు."

జోగమ్మ ఒళ్ళో ఘటాన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. ఎప్పుడూ నిటారుగా ఉండే ఆ మెడ మొదటిసారి వంగింది. నూకరాజు అది చూశాడు. ఇక అతని చెయ్యి ఆగలేదు. జేబులోంచి కవరు తీసేశాడు.

"తప్పు నాదే అమ్మా. ఎవులిదీ దాయలేదు, సింపలేదు. ఇద్దరూ ఒకేదాంట్లో పడిపోనారు. సూడు," అన్నాడు.

తల్లి చేతికి అందేలోపే ఎర్రయ్య కవరు లాక్కున్నాడు. నలుగురికీ చూపించి నవ్వుదామని ఫోటో తీసి పెట్రోమాక్సు దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. నవ్వలేదు. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. వెనకనున్న ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. ఒక ముసలామె చెప్పులు విడిచేసింది.

నల్లటి గోడ ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. తల మీద ఒకటే ఘటం. ముఖం ఒకటే. అందులో చిలకమ్మ ముక్కుపుడకా ఉంది, దాలమ్మ గడ్డం మీది పుట్టుమచ్చా ఉంది. రెండు చేతులు పైకి లేచి ఘటాన్ని పట్టుకున్నాయి. ఇంకో రెండు చేతులు పక్కలకి చాచి, ఒకదాంట్లో వేపమండ, ఒకదాంట్లో బెత్తం పట్టుకున్నాయి. మూత విడిపోయినప్పుడు ఎండ లోపలికి జొరబడ్డ చోట, తల చుట్టూ తెల్లటి కిరణాలు విరజిమ్ముతున్నాయి. కాళ్ళ దగ్గర తెల్లపంచె కట్టిన మనిషి ఒకడు నడుం వంచి, రెండు చేతులూ నేలకి చాచి మొక్కుతున్నాడు. మీసం స్పష్టంగా పడింది.

"ఓలమ్మా, నాలుగు సేతులు," అని ఎవరో అన్నారు. ఆ మాట చివరి వరస దాకా పాకింది. డప్పువాళ్ళు ఎవరూ చెప్పకుండానే డప్పులు అందుకున్నారు.

గురువారం పిట్టగోడ మీద నుంచి అంతా చూసిన ఎలీసమ్మ ఒక్కతే తొణకలేదు. "అదేటీ కాదు. ఫోటోలు ఒకదాని మీదొకటి పడినాయి, అంతే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలకి కూడా ఒకోసారి ఇలగే అవుతాది," అంది.

డప్పులు ఆగాయి. అందరూ జోగమ్మ వైపు చూశారు. జోగమ్మ ఘటం పక్కన పెట్టి, ఫోటో చేతిలోకి తీసుకొని, దీపం వెలుగులో కంటికి ఆనించి చాలాసేపు చూసింది.

"ఎలీసమ్మ సెప్పింది నిజమే. ఒకదాని మీదొకటి పడినాయి," అంది. "సంవత్సరం పాటు పక్కపక్కన నిలబడనోలు ఒకరి మీదొకరు ఎలగ పడినారు? ఎవులు పడేసినారు?"

"అదీ, నానే…" అని నూకరాజు నోరు తెరిచాడు. జోగమ్మ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి అతని కాలి మీద గట్టిగా గిల్లింది. మోకాళ్ళు పట్టేసినా ఆమె వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయి.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "అయినా జోగప్పా, కట్టుబాటు కట్టుబాటే. ఒక ఘటానికి ఒక తలే."

"ఒక తలే కదరా ఉన్నాది. లెక్కెట్టుకో," అని జోగమ్మ ఫోటో అతని ముక్కుకేసి ఎత్తింది. "సేతులెన్నుండాలో నీ కట్టుబాటులో లేదు. అది సరే గాని, అమ్మోరి కాళ్ళ కాడ వొంగున్నోడు ఎవులో కూడా కాస్త సూసి సెప్పు."

జనం మళ్ళీ ఫోటో మీదికి వంగారు. తర్వాత అందరూ ఒక్కసారి ఎర్రయ్య మీసం వైపు చూశారు. ఎర్రయ్యకి రెండు దారులే మిగిలాయి. పీటలు జరపడానికి వంగానని చెప్పి ఆ ఫోటోలో ఉత్త కూలివాడిగా మిగిలిపోవడం ఒకటి. అమ్మవారు కనబడిన మొదటి మనిషి కావడం రెండోది. అతను పండుగ పెద్ద ఊరికే కాలేదు.

"నాకా రోజే తెలుసు," అన్నాడు కండువా తీసి నడుముకి చుట్టుకుంటూ. "ఆ గీత మీద నిలబడగానే ఒళ్ళు ఝల్లుమన్నాది. నడుం దానంతటదే వొంగిపోనాది. పండుగదాకా పైకి సెప్పకూడదని ఊరుకున్నాను." తన మాటలు తనే నమ్మడంతో అతని కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "రేపు జోగప్ప ఇంటి ఘటమే ముందు నడుస్తాది. కాదన్నోలు నాతో మాట్లాడండి."

డప్పులు మళ్ళీ లేచాయి. జోగమ్మ కుంకుమ భరిణె తెమ్మని, తడివేలితో ఫోటోకి నిండుగా బొట్టు పెట్టింది. అందరూ నుదుటికి పెడుతుందనుకున్నారు. ఆ బొట్టు సరిగ్గా కాళ్ళ కింద, రెండు పీటలు కనబడుతున్న చోట పడింది.

ఆ గోలలో తవిటయ్య అన్న పక్కకి వచ్చి నిలబడ్డాడు. కాసేపు డప్పుల వైపు చూసి, "ఎలగ తీసినావన్నియ్యా?" అన్నాడు.

"నాను తియ్యలేదురా. ఎర్ర ఉన్నాదని బండి వొదల్లేదు, అంతే."

తవిటయ్యకి ఏమీ అర్థం కాలేదు. కాని అన్న తనతో నేరుగా మాట్లాడాడు. తల ఊపి అన్నకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

ఆదివారం జోగమ్మ ఇంటి ఘటం అన్నిటికన్నా ముందు బయలుదేరింది. అమ్మవారు నాలుగు చేతులు చూపించింది కాబట్టి నాలుగు చేతులూ కావాలని జోగమ్మ తేల్చేసింది. గుడి నుంచి రైలు గేటు దాకా చిలకమ్మ మోసింది. పక్కన దాలమ్మ వేపమండ, బెత్తం పట్టుకొని నడిచింది. గేటు దగ్గర ఘటం దాలమ్మ తలకి మారింది. మార్చేటప్పుడు పొట్టి తోటికోడలి కోసం చిలకమ్మే మోకాళ్ళు వంచింది. "నిలకడగా ఉన్నాదేటే?" అని అడిగింది. "నువ్వట్టుకున్నావు కదక్కా, ఎక్కడికి పోతాది?" అంది దాలమ్మ. సంవత్సరంగా వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మంచిమాటలవి. వీధి పొడుగునా ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పోశారు. సిగ్నల్ దగ్గర ఎర్ర మీద ఆగి ఉన్న గూడ్సు బండి డ్రైవరు తెలుగువాడు కావడంతో, ఆపకుండా కూత వేశాడు. రిక్షాలో వెనకాల వస్తున్న జోగమ్మ మెడ నిటారుగా ఉంది. నూకరాజు తల్లినే చూస్తూ నడిచాడు. ఎదురుగా వచ్చిన కరెంటు స్తంభానికి కూడా తగులుకున్నాడు గాని దెబ్బ తెలియలేదు.

పండుగ తర్వాత చెన్నకేశవరావు అతన్ని కొట్లో కూర్చోబెట్టి, ఎర్ర అద్దం ఎర్రగా ఉండగానే చెవి తిప్పాలని దగ్గరుండి నేర్పించాడు. మొదటిసారి తిప్పేటప్పుడు నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. ఫోటోలు తీయమని తెలుగు ఇళ్ళన్నిటి నుంచీ కబుర్లు వచ్చాయి. పూరీ గేట్‌లో, సుభాష్‌పల్లిలో అతను తీయని కుటుంబం లేదు. ఎర్రయ్య కూడా మీసంతో మరొకటి తీయించుకున్నాడు. ఫోటోలన్నీ చక్కగా, దేనికది వేరుగా వచ్చాయి. అందరికీ రెండేసి చేతులే ఉండటంతో వాటికి ఎవరూ దండం పెట్టలేదు.